టీకా వేసిన గొడ్డును గుంజకే కట్టేసి ఉంచుతామా?

(2022 మార్చి నెలాఖరులో జరిగిన మండల రైతు సంఘం మహాసభలో మా గ్రామ శాఖ తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున కుర్చీలు వేసింది మా ఊరి వాళ్లమే. దగ్గర దగ్గరగా వేశాం. మీరు వచ్చి, ఒక్కొక్కరూ కుర్చీని రెండడుగులు పక్కకు జరుపుకుని కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటైపోయింది. వెనక కొంతమంది చెట్టు కింద నిలబడి వింటున్నారు, లోపల ఖాళీ కుర్చీలున్నా రాలేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మేమూ మొన్నటిదాకా అలాగే ఉన్నాం. ఈ రోజు మాట్లాడదామనుకున్నది దీని గురించే.

మన మండల మహాసభ జరిగి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో సంఘం అంటే ఫోన్లో వాట్సాప్ గ్రూపు అయింది. అందులో కూడా సగం చనిపోయిన వాళ్ల ఫొటోలు, కింద దండం పెట్టిన బొమ్మలు. సభ్యత్వం రాయడానికి ఇంటింటికీ తిరగలేదు. ఇప్పుడు కేంద్ర హోం శాఖ ఉత్తరం ఇచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం కింద 2020 మార్చి నుంచి పెట్టిన ఆంక్షలు ఈ మార్చి 31తో అయిపోతాయట. మాస్కు, చేతులు కడుక్కోవడం మాత్రం కొనసాగించమన్నారు. మంచిదే. కానీ కాగితం మీది ఆంక్ష ఢిల్లీలో సంతకం పెడితే పోతుంది. మన గుండెల్లో కూర్చున్నది అలా పోదు. దాన్ని మనమే లేపి పంపాలి.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. భయపడటం తప్పు కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో భయపడనివాడు మనిషే కాదు. దేశంలో ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 5 లక్షల 20 వేల మంది దాటింది. మన రాష్ట్రంలో 14,700 మంది పైన. ఈ లెక్కలు ఎంత తక్కువో శ్మశానాల దగ్గర కట్టెలు మోసిన వాళ్లకు తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ కోసం మన మండలం నుంచి గుంటూరు దాకా కార్లో తిరిగి, సిలిండర్ దొరికేసరికి మనిషి పోయిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల వాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి 'కరోనా ఏముంది, మామూలు జలుబు' అనే మాట మేం అనం. అన్నవాళ్లను నమ్మొద్దు.

మా గ్రామ శాఖలో ఒక కౌలు రైతు ఉండేవాడు. నాలుగెకరాల మిర్చి, రెండెకరాల పత్తి చేసేవాడు. ధర్నా అంటే ముందు రోజే వచ్చి జెండా కర్రలు సరిచేసేవాడు. 2021 మే నెలలో ఆసుపత్రిలో పోయాడు. మృతదేహాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఊరి బయటే దించేసి అంబులెన్సు వెళ్లిపోయింది. ఆయన భార్య మా ఇంటికి ఫోన్ చేసింది. 'అన్నా, నలుగురు మనుషులు కావాలి' అంది. మేం వెళ్లలేదు. అప్పటికి మాలో ఎవరికీ రెండో సూది పడలేదు, కొందరికి మొదటిదీ పడలేదు. ఇంట్లో ముసలి తల్లి ఉంది, షుగర్ ఉంది, ఇలా ఒక్కొక్కరం ఒక్కో కారణం చెప్పుకున్నాం. చివరికి ఆయన బావమరిది, పంచాయతీలో పారిశుధ్య పని చేసే ఇద్దరు, ట్రాక్టర్ డ్రైవరు కలిసి ఆ పని చేశారు. ఆ ఇద్దరు కార్మికులకు చేతి తొడుగులు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజు వెళ్లకపోవడానికి కారణం ఉంది, దాన్ని కాదనం. ఆ తర్వాత పది నెలలైంది. జూలైలో మాకు రెండో సూది పడింది. ఆగస్టులో వెళ్లొచ్చు, వెళ్లలేదు. దసరాకు వెళ్లొచ్చు, సంక్రాంతికి వెళ్లొచ్చు. వెళ్లలేదు. ఇక దానికి కారణం కరోనా అని చెప్పుకోవడానికి లేదు. భయం పోయినా, ఆ భయం వేసిన కంచె అలాగే ఉండిపోయింది. దానికి సిగ్గు కూడా తోడైంది. ఈ విషయం చివర్లో మళ్లీ చెబుతాం. దాని మీద ఈ రోజు ఒక పని ఉంది.

ఇప్పుడు టీకా సంగతి. చదువుకున్నవాళ్లకంటే మనకే ఇది బాగా తెలియాలి, ఎందుకంటే గొడ్లకు టీకాలు వేయించేది మనమే. వానాకాలానికి ముందు గొంతువాపుకు, జబ్బవాపుకు వేయిస్తాం. గొర్రెలకు చిటుక రోగానికి వేయిస్తాం. గాలికుంటుకు ఆరు నెలలకోసారి వేయిస్తాం. మన తాతల కాలంలో ముసర వ్యాధి వస్తే కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యేవని పెద్దవాళ్లు చెప్పేవారు. అదే రిండర్‌పెస్ట్. దానికి టీకాలు వేసీ వేసీ, 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మన పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. మరి గొడ్డుకు నమ్మిన సూదిని మనిషికి నమ్మకపోవడం ఏమిటని మా ఊళ్లో ఒక పెద్దామె ఏఎన్ఎం ముందే అందరినీ తిట్టింది. ఆ రోజు నలభై మంది వేయించుకున్నారు. అంతకు ముందు వారం అదే ఊళ్లో, సూది వేయించుకుంటే రెండేళ్లలో పోతారని, మగతనం పోతుందని, కల్లు తాగితే పడదని రకరకాలుగా చెప్పుకున్నారు. ఆశా కార్యకర్తలు మిర్చి చేలల్లోకి వచ్చి, కోత దగ్గరే బతిమాలి వేశారు. ఎండలో బాక్సు భుజాన వేసుకుని తిరిగిన ఆ అమ్మాయిల వేతనాల పోరాటానికి మన సంఘం వెళ్లాలి, అది వేరే తీర్మానంలో వస్తుంది.

గాలికుంటు టీకా వేసిన గేదెకు ఒక్కోసారి మళ్లీ కుంటు వస్తుంది. నోట్లో నాలుగు పుండ్లు వస్తాయి, రెండు రోజులు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. తర్వాత లేచి తిరుగుతుంది. టీకా వేయని గేదె కాళ్లు, పొదుగు దెబ్బతిని మూలన పడుతుంది. దూడ అయితే చచ్చిపోతుంది. టీకా చేసే పని అదే. రోగాన్ని ఊళ్లోకి రాకుండా ఆపలేకపోయినా, వచ్చిన రోగం ప్రాణం తీయకుండా చూస్తుంది. జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు మన ఊళ్లలో జరిగింది చూశారుగా. ఇంటింటికీ జ్వరమే. మూడు రోజులు ఒళ్లు నొప్పులు, గొంతు మంట, డోలో బిళ్లలు, నాలుగో రోజు పొలం. మా ఊళ్లో ఆసుపత్రిలో చేరింది ఒక్కరే, ఆయనకు ముందు నుంచీ కిడ్నీ జబ్బు ఉంది. అదే వైరస్ వంశం, అదే ఊరు, అవే ఇళ్లు. ఎనిమిది నెలల ముందు శవాలు లేచిన ఇళ్లు. ఒమిక్రాన్ కొంత తేలికైన రకమే కావచ్చు. కానీ మన ఒంట్లోకి అప్పటికే రెండు సూదులు వెళ్లి ఉన్నాయన్నది మర్చిపోకూడదు. ఐసీఎంఆర్ వాళ్లు నిరుడు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా లెక్కలు తీసి, రెండు డోసులు వేసుకున్నవాళ్లకు చావు నుంచి రక్షణ 97 శాతం పైన ఉందన్నారు. ఆ నెలల్లో తిరిగింది ఒమిక్రాన్ కాదు, డెల్టా.

ఒక మాట అదనంగా. కోవాగ్జిన్ తయారుచేసిన హైదరాబాదు కంపెనీ పెట్టిన కృష్ణ ఎల్లా గారు రైతు ఇంట పుట్టి, వ్యవసాయ శాస్త్రం చదువుకున్నవారే. మన ఊళ్లలో ఎక్కువ మందికి పడిన కోవిషీల్డ్ పుణెలో తయారైంది. దేశం మొత్తం మీద 180 కోట్ల డోసులు దాటాయి. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్క రోజులోనే 13 లక్షలకు పైగా వేశారు. అంత పని జరిగింది. జరిగిన పనికి ఫలితం మనం వాడుకోవాలి కదా. గొడ్డుకు టీకా వేయించి, రోగం వస్తుందేమోనని జీవితాంతం గుంజకే కట్టేసి మేపుతామా? మేతకు వదులుతాం. చెరువుకు తోలతాం. వదలకపోతే గొడ్డు బతకదు, మనం బతకం.

రెండు సూదులు వేసుకుని, జనవరిలో ఒకసారి జ్వరం కూడా వచ్చి పోయి, ఇంకా మనవడిని దగ్గరకు రానివ్వని తాతలున్నారు. మా పక్కింటి పెద్దాయన రచ్చబండ దగ్గరకు రాక రెండేళ్లైంది. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. కాళ్లు పట్టేశాయి, మాట తగ్గింది, టీవీలో చావులు చూస్తూ కూర్చుంటాడు. కరోనా ఆయన్ని తాకలేదు. కానీ ఆయన దగ్గర మిగిలిన నాలుగైదేళ్లలో రెండేళ్లు తినేసింది.

అపాయం లేని బతుకు రైతుకు ఎప్పుడైనా ఉందా? కాస్త ఆలోచించండి. పాముకాటుతో మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కువ చావులు జరిగిన రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. చనిపోయేవాళ్లలో ఎక్కువ మంది మనలాంటి పల్లెల వాళ్లే. 2020లో లాక్‌డౌన్ పెట్టి బళ్లన్నీ ఆపిన సంవత్సరంలో కూడా రోడ్ల మీద 1,31,714 మంది పోయారు. అదే ఏడాది మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతకు వెళ్లి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు కరోనాకు భయపడి ఇంట్లో కూర్చోగలిగిన వాళ్లు కాదు. కోతకు వెళ్తేనే పొయ్యి వెలుగుతుంది. ఇక పిడుగులు, మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు షాకులు, మందు కొట్టి వచ్చి వాంతులు చేసుకునేవాళ్లు. ఇవన్నీ మన రోజువారీ బతుకులో ఉన్నవే. పాముందని పొలం మానేశామా? మానలేదు. కానీ పామున్న పొలంలోకి చీకట్లో ఒట్టి కాళ్లతో కూడా వెళ్లం. టార్చి లైటు పట్టుకుంటాం, చేతికర్రతో నేల మీద తడుతూ వెళ్తాం, బూట్లుంటే వేసుకుంటాం. కరోనాతో కూడా ఇంతే. టీకా మన చేతిలో టార్చి లైటు. లైటు చేతిలో పెట్టుకుని గడప దాటకుండా కూర్చుంటే మడి తడవదు.

నిరుడు ఆగస్టులో మా ఊళ్లో జరిగింది చెప్తాం. ఒక కుర్రాడు చేలో కాపలాకు పడుకున్నాడు. అడవి పందుల బెడద మీకు తెలిసిందే. తెల్లవారుజామున కడుపు నొప్పి, కళ్లు మూతలు పడుతున్నాయన్నాడు. చెవి వెనక చిన్న గాటు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, వాపు ఉండదు, నొప్పి ఉండదు, నిద్రలో కరిచినా తెలియదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది. వాళ్లమ్మ వద్దంది. ఎందుకు? అక్కడికి వెళ్తే ముందు కరోనా పరీక్ష చేస్తారు, ఉందంటారు, ఆ వార్డులో పడేస్తారు, మళ్లీ మనిషి కనిపించడు. అప్పటికే ఆ తల్లి తమ్ముడు అలాగే పోయాడు, ఆమెను ఏమంటాం! మూడు గంటలు నాటు వైద్యం, కాలికి తాడు. కాటు చెవి వెనక ఉంటే కాలికి తాడు ఎందుకో ఆ కట్టినాయనకే తెలియాలి. అసలు తాడు బిగించి కట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. చివరికి మా వాళ్లు ఇద్దరు బలవంతంగా బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదని చెప్పారు. ఆ కుర్రాడు ఇదిగో, వెనక వరసలో కూర్చున్నాడు. నవ్వుతున్నాడు. ఆ రోజు వాడిని చంపబోయింది పాము ఒక్కటే కాదు.

ఇలా ఆగిపోయిన వైద్యాలు ఎన్నో. షుగర్ మందులు ఆపేసినవాళ్లు, క్షయ మందులు మధ్యలో మానేసినవాళ్లు, గుండె నొప్పిని గ్యాసు నొప్పి అనుకుని ఇంట్లోనే ఉన్నవాళ్లు. మీ మీ ఊళ్లలో లెక్క వేసుకోండి.

ఇక సంఘం సంగతి. మనం ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు బయట పనులేమీ ఆగలేదు. 2020 జూన్ 5న మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబర్లో రాజ్యసభలో మూజువాణి ఓటుతో చట్టాలైపోయాయి. మార్కెట్ యార్డులో ఏం జరగబోతోందో చెప్పడానికి మనం నలుగురం ఒకచోట కూర్చునే వీలు లేని రోజులవి. పంజాబు, హర్యానా, పశ్చిమ యూపీ రైతులు 2020 నవంబర్ 26న బయల్దేరి సింఘూ, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర రోడ్ల మీద కూర్చున్నారు. రెండో అల వచ్చినా లేవలేదు. చలికి, గుండెపోటుకు, ప్రమాదాలకు 700 మందికి పైగా పోయారని సంయుక్త కిసాన్ మోర్చా చెప్పింది. 2021 నవంబర్ 19న ప్రధాని చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామన్నారు, 29న పార్లమెంటు రద్దు చేసింది. వాళ్లు చేసినట్టు టీకా లేని రోజుల్లో మనం కూడా చేసి ఉండాల్సిందని మేం అనడం లేదు. ఎవరి ధైర్యం వాళ్లది, ఎవరి పరిస్థితి వాళ్లది. కానీ టీకా పడ్డాక కూడా మనం ఎందుకు కదల్లేదు?

ఈ ఏడాది నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తుడిచిపెట్టుకుపోయింది. పూత అంతా ముడుచుకుపోయింది. వారానికి రెండు మందులు కొట్టినా ఆగలేదు. ఎకరానికి లక్షన్నర పైన పెట్టిన కౌలు రైతులు మొక్కలు పీకి గట్టు మీద పడేశారు. డిసెంబర్లో మనం మండల కార్యాలయం ముందు కూర్చుందామనుకున్నాం. ఒమిక్రాన్ అన్నారు, వాయిదా వేశాం. జనవరిలో వాయిదా. ఫిబ్రవరిలో పోయినవాళ్లు పోలేదు, మిగిలినవాళ్లు ఫోన్లో 'మీరు వెళ్లండి, మేం వెనక ఉన్నాం' అన్నారు. చివరికి పదకొండు మందిమి వెళ్లాం. పదకొండు మందికి అధికారి కుర్చీలోంచి లేవడు. అదే రోజుల్లో పెళ్లిళ్లకు మూడు వందల మంది వెళ్లాం, యార్డుకు టిక్కీలు వేసుకుని వెళ్లాం, బ్యాంకు క్యూలో గంటలు నిలబడ్డాం. అంటే భయం అన్ని చోట్లా లేదు. అవసరమైన చోట వదిలేశాం, కష్టమైన చోట అడ్డం పెట్టుకున్నాం. ఇది మాకూ వర్తిస్తుంది. 2020లో మన దేశంలో వ్యవసాయంలో ఉన్న 10,677 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ నేర రికార్డుల బ్యూరోనే చెప్పింది. వాళ్లలో 5,098 మంది కూలీలు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే, పలకరించే మనిషి గుమ్మం దాకా రాకపోతే ఏమవుతుందో ఆ లెక్కలో ఉంది. దానికి సూది లేదు. మనిషి ఇంటికి మనిషి వెళ్లడమే మందు.

ఇంకొకటి. దీని గురించి మాట్లాడితే మనలో కొందరికి నచ్చదు, అయినా మాట్లాడాలి. కోతకు వచ్చే కూలీలకు మా ఇళ్లలో స్టీలు గ్లాసులతో మంచినీళ్లు, టీ ఇచ్చేవాళ్లం. ఆ పద్ధతి కోసం మన సంఘం ఒకప్పుడు ఊళ్లో గొడవలు కూడా పడింది, హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద. 2020లో కరోనా అని గ్లాసులు లోపల పెట్టాం. మీ గ్లాసు మీరే తెచ్చుకోండి అన్నాం, దూరం నుంచి పోశాం. అప్పుడు అందరికీ అదే పద్ధతి, చుట్టాలక్కూడా. ఇప్పుడు చుట్టాలు వస్తే స్టీలు గ్లాసు బయటికి వచ్చింది. కమీషన్ కొట్టు గుమాస్తా వస్తే వచ్చింది. కాలనీ నుంచి వచ్చే కోత కూలీలకు మాత్రం ఇంకా కాగితం గ్లాసే. అడిగితే కరోనా అంటాం. ఆ ఆడవాళ్లకు రెండు డోసులు మనకంటే ముందే పడ్డాయి, ఉపాధి పని దగ్గరే వేశారు. మరి ఆ కాగితం గ్లాసు ఏ రోగానికి? మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగింది మేం కాదు, ఇంటర్ చదివే మా అమ్మాయి. జవాబు దొరకలేదు. మర్నాడు గ్లాసులు బయట పెట్టాం. సంఘం సభ్యుల ఇళ్లలో ఎవరెవరి ఇంట్లో ఇంకా ఉందో ఎవరికి వాళ్లు చూసుకోండి.

అయితే అన్నీ గాలికి వదిలేయమని కాదు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు సమావేశానికి రాకండి, ఇంటికి మేమే వచ్చి కిటికీ దగ్గర విషయం చెప్తాం. ఆసుపత్రికి, రద్దీ బస్సుకు వెళ్లేటప్పుడు మాస్కు పెట్టుకుంటే పోయేదేమీ లేదు, మందు కొట్టేటప్పుడు తువ్వాలు కట్టుకోవడం మనకు అలవాటే, అసలు అప్పుడు కట్టుకోవాల్సిన వాళ్లు కట్టుకోరు, అది వేరే బాధ. ఎవరైనా మాస్కుతో వస్తే ఎగతాళి చేయొద్దు. ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లో, క్యాన్సర్ మందులు వాడేవాళ్లో ఉండొచ్చు. రెండో డోసు వేసుకోనివాళ్లు ఇంకా ఉన్నారు. మా ఊళ్లోనే పద్దెనిమిది మంది తేలారు, ఎక్కువ మంది వలస వెళ్లి వచ్చినవాళ్లు. 60 ఏళ్లు దాటినవాళ్లు రెండో డోసు పడి 9 నెలలైతే మూడోది వేసుకోవచ్చు, ఈ నెల 16 నుంచి జబ్బులు ఉన్నాయా లేవా అని అడగడం లేదు. అదే రోజు నుంచి 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కార్బెవ్యాక్స్ వేస్తున్నారు, అదీ హైదరాబాదు మందే. సచివాలయం దగ్గర ఏఎన్ఎంను అడగండి. టార్చి లైటులో బ్యాటరీ ఉందో లేదో చూసుకోవాలి కదా.

రేపు కొత్త రకం వస్తే ఏమిటి అని వరసలో ఎవరో అడుగుతున్నారు. రావచ్చు. వస్తే ఆ రోజు చూసుకుందాం, ఆ రోజు ఆగాల్సి వస్తే ఆగుదాం. వచ్చే ఏడాది వాన పడదేమోనని ఈ ఏడాది దుక్కి మానేసే రైతు లేడు.

ఇప్పుడు పని. ముందు చెప్పిన కౌలు రైతు ఇంటికి పోయిన ఆదివారం వెళ్లాం. పది నెలల తర్వాత. ఆమె ఏమీ అనలేదు. మంచం వాల్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. అంటే బాగుండేది. మాటల్లో తెలిసింది, కరోనాతో చనిపోయినవాళ్ల కుటుంబానికి వచ్చే 50 వేల రూపాయలకు ఆమె దరఖాస్తే పెట్టలేదు. అలాంటిది ఒకటి ఉందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సింది సంఘం. ఆ ఇంటి గడప తొక్కినవాళ్లుంటే కదా చెప్పేది. ఆయనకు కౌలు కార్డు లేదు, యజమాని సంతకం పెట్టలేదు. కాబట్టి ఆ దారిలో వచ్చేదేమీ లేదు. ఈ 50 వేలే మిగిలింది.

ఇది సుప్రీంకోర్టు పట్టుబట్టి ఇప్పించిన డబ్బు. ఈ నెల 24న కోర్టు గడువు పెట్టింది. మార్చి 20 కంటే ముందు చనిపోయినవాళ్ల కుటుంబాలు మార్చి 24 నుంచి 60 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. అంటే మే 23 దాకానే. మరణ ధ్రువీకరణ పత్రం, కరోనా పరీక్ష కాగితం లేదా ఆసుపత్రి కాగితం, వారసుల ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం కావాలి. ఆసుపత్రి కాగితంలో వేరే కారణం రాసి ఉంటే జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకునే వీలుంది, దానికి మన జిల్లా నాయకులు సాయం చేస్తామన్నారు.

మండలంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మన దగ్గర లెక్క లేదు. ఫోన్లో తేలదు. ఒక్కో ఊరికి ఇద్దరు చొప్పున ఇంటింటికీ తిరగాలి. ఉగాది ఏప్రిల్ 2న, శనివారం. పండగ దాటనిచ్చి సోమవారం పొద్దున ఏడు గంటలకు మా ఊరి నుంచి మొదలు పెడతాం. ఇప్పటికి తొమ్మిది ఊళ్ల వాళ్లు పేర్లిచ్చారు. కాలువ అవతలి నాలుగు ఊళ్లకు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఆ ఊళ్ల వాళ్లు చెట్టు కిందే నిలబడి ఉన్నట్టున్నారు. కాస్త లోపలికి రండి, కాగితం ఈ బల్ల మీదే ఉంది. భోజనాలు కూడా లోపలే, నేల మీద చాపలు వేశాం, బంతిలో కూర్చుందాం.